ఉక్కునగరమున తెలుగు జడ

భిలాయి యనగానే చదువరులకు మొదట స్ఫురించునవి కొలుములు, పొగగొట్టములు, రైలుపట్టాలు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత ప్రభుత్వమునకును సోవియట్ ప్రభుత్వమునకును నడుమ ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. నాటి మధ్యప్రదేశములోని దుర్గ్ జిల్లాలో వరిపొలముల నడుమ లేచిన ఆ కర్మాగారము ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు నుత్పత్తి చేయవలెనని తొలుత నిర్ణయించిరి. 2000 నవంబరు 1వ తేదీ నుండి ఆ ప్రాంతము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరినది. ఇట్టి నగరముల చరిత్రను టన్నులలో వ్రాయుట వాడుక. అది తప్పు కాదు. కాని మనుష్యులు టన్నులలో జీవింపరు.

ఒడంబడిక జరిగిన నాటికి తిరుపతి మ్రొక్కుబడి చెల్లించి తలనీలాలిచ్చిన బాలిక యొకతె ఉన్నదనుకొందము. తలవెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు కంటె కొంచెమెక్కువగా, అనగా ఏడాదికి ఇంచుమించు ఆరంగుళములు పెరుగును. ఆ లెక్కను కొలిమి వెలిగిన నాటికి ఆ బాలిక జుట్టు రెండడుగులు పెరిగియుండును. తల్లి దానిని మూడు పాయలుగా తీసి, చివర రిబ్బను ముడివేయుటకు తగినంత పొడవది. ఒక కర్మాగారము మొలచి వెలుగుటకు పట్టిన కాలమును, ఒక జడ నడుము నందుకొనుటకు పట్టు కాలమును ఇంచుమించు సమానము. మొదటిదాని ప్రతి దినమునకును లెక్కలున్నవి. రెండవదానికి లేవు. జడ పెరుగుటకు సంవత్సరములు కావలెను, దానిని కాచుకొనుటకు వారము వారము గంటలు కావలెను. ఆ గంటలు ఎవరివి, ఆ జుట్టు ఎవరిది, దానిపై అధికారమెవరిది అను ప్రశ్నలు మన దేశచరిత్రలో మిక్కిలి పాతవి. కొత్త నగరములో అవి కొత్తరూపము ధరించినవి.

విజయనగరము నుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931 నాటికి పూర్తియైనది. తీరాంధ్రమునకు మధ్యదేశముతో కలిగిన దగ్గరి దారి అదియే. భిలాయిలో పనులు మొదలైనప్పుడు ఉత్తరాంధ్రము నుండి కూలీలు, వడ్రంగులు, ఫిట్టర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు ఆ దారినే వచ్చిరి. ముందు పురుషులు వచ్చిరి. క్వార్టరు దొరికిన పిదప కుటుంబములు వచ్చినవి. వారి పెట్టెలలో బియ్యము, చింతపండు, ఊరగాయలతో పాటు కుంకుడుకాయల మూటయు, చిక్కుదువ్వెనయు, పేలదువ్వెనయు, పెద్దవారికైనచో సవరమును ఉండెడివి. వేరుభాష మాట్లాడు చోటికి పోవుచున్నప్పుడు స్త్రీలు తమ తలను తమకు తెలిసిన రీతినే దువ్వుకొనవలెనని కోరుట సహజము. వంట కొంత మారవచ్చును, చీరకట్టు కొంత మారవచ్చును. తలదువ్వు తీరు మాత్రము ఎదుటివారికి మొదటి చూపునకే ఊరి పేరు చెప్పును.

ఆ నగరములో రెండు భాషలు ఒకే జుట్టును రెండు విధములుగా పిలిచినవి. తెలుగువారి ‘జడ’ సంస్కృతములోని ‘జట’ నుండి వచ్చినది. అడవిలో తపస్సు చేయు మునికి జట వైరాగ్యచిహ్నము. ఇంటిలో ఆడపిల్లకు జడ సౌభాగ్యచిహ్నము. ఒకే మాట రెండు వ్యతిరేకదిశలకు సాగినది. ‘సిగ’ యనునది ‘శిఖ’ నుండి పుట్టినది. హిందీలో జడను ‘చోటీ’ యందురు. ఆ మాటకే కొండశిఖరమనియు అర్థము. ముడికి ‘జూడా’ యనుమాట సంస్కృతములోని ‘జూట’ శబ్దము నుండి వచ్చినది. ఛత్తీస్‌గఢీ పల్లెలలో కొప్పును ‘ఖోపా’ యందురు. వంగభాషలోను ఇట్టిమాటయే కలదు. తెలుగువారి ‘కొప్పు’ను ఆ ‘ఖోపా’ను ప్రక్కప్రక్కన పలికినచో చుట్టములవలె వినబడును. తెలుగు జడకుచ్చుల వంటివానిని అక్కడి స్త్రీలు ‘ఫుందరా’ యని పిలుతురు. కుళాయి దగ్గర నిలిచిన ఇద్దరు పొరుగింటి ఆడువారికి భాష తెలియకపోయినను తల చూపించి మాటాడుకొనుటకు ఈ మాటలు చాలును.

కేశముల విషయములో మన పూర్వులకు గల శ్రద్ధను అమరకోశము చూపుచున్నది. అల్లిన జుట్టునకు వేణి, ముడిచిన జుట్టునకు ధమ్మిల్లము, తీర్చిన జుట్టునకు కబరి అని దానిలో వేరువేరు పేర్లు కలవు. పేర్లు అన్ని ఉన్నవనగా వానివెనుక అన్ని అర్థములున్నవన్నమాట. అశోకవనములోని సీత ఏకవేణీధర. మేఘసందేశములోని యక్షపత్నియు భర్త వచ్చువరకు విప్పరాని ఒంటిజడతోనే కనబడును. ఒకే జడ, నూనె లేదు, పూవు లేదు, దువ్వుట లేదు. అనగా కేశసంస్కారమును విడుచుటయు ఒక భాషయే. దువ్వుకొన్న తల సుఖమును చెప్పును, దువ్వని తల దుఃఖమును చెప్పును.

విప్పిన జుట్టు ప్రతిజ్ఞను కూడ చెప్పును. కురుసభలో దుశ్శాసనుడు ద్రౌపదిని జుట్టుపట్టి ఈడ్చెను. పదుమూడేండ్ల తరువాత శ్రీకృష్ణుడు సంధికి పోవుచున్న సమయమున ఆమె తన కేశపాశమును చేతపట్టుకొని వచ్చి, శాంతిని గూర్చి పలుకునప్పుడు దీనిని మరువవలదని వేడుకొన్నది. తిక్కన ఉద్యోగపర్వమున ఈ ఘట్టము తెలుగువారికి కంఠస్థప్రాయము. దుశ్శాసనుని రక్తముతో తడిసిన చేతులతో భీముడు ఆమె వేణిని ముడుచుట అను కథను భట్టనారాయణుడు తన నాటకమునకు ప్రాణముగా చేసికొనెను. దానిపేరే వేణీసంహారము.

ఈ కథ భిలాయికి దూరపుది కాదు. ఆ నగరమునకు చేరువనున్న గనియారీ గ్రామమున 1956లో పుట్టిన తీజన్ బాయి పండవానీ గాయనిగా ప్రపంచప్రఖ్యాతి పొందినది. పండవానీలో రెండు రీతులు కలవు. కూర్చుండి పాడునది వేదమతి, నిలుచుండి అభినయించుచు పాడునది కాపాలికము. స్త్రీలు కూర్చుండియే పాడవలెనను ఆచారమును కాదని ఆమె నిలుచుండి పాడినది. అందుకు ఆమెను కులమువారు వెలివేసిరి. తరువాత ఆమెకు భిలాయి ఉక్కు కర్మాగారములో ఉద్యోగము దొరికినది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ బిరుదములు వచ్చినవి. ఆమె పాటలలో దుశ్శాసనవధ మిక్కిలి ప్రసిద్ధము. ఆమె చేతిలోని తంబురా ఒకసారి భీముని గద యగును, ఒకసారి అర్జునుని విల్లగును, మరియొకసారి ద్రౌపది జుట్టగును. ఒక్క వాద్యము ఆయుధముగాను, కేశముగాను మారగలుగుట ఊరక జరిగినది కాదు. ఆ కథలో జుట్టుకును గదకును నడుమ నున్న దూరమే యుద్ధమంతయు.

శిల్పములు కూడ ఈ శ్రద్ధకు సాక్ష్యము. అమరావతి పాలరాళ్లపై స్త్రీలు జుట్టును పాయలుదీసి, ముడిచి, ఆభరణములు చెక్కుకొని కనబడుదురు. 1213లో రేచర్ల రుద్రుడు నిర్మించిన రామప్ప దేవాలయమున నల్లరాతి మదనికల కొప్పులు చూపరులను నిలుపును. దేవతలనైనను, నర్తకులనైనను శిల్పి మలచునప్పుడు ముఖమున కెంతటి ఓపిక చూపెనో తలకట్టునకు నంతటి ఓపికయే చూపెను. తెలుగిండ్లలో పెండ్లికూతురి జడకు పెట్టు నగలు ఆ పాత శ్రద్ధకు వారసులు. పాపిటబిళ్ళ, రాగిడి, నాగరము, చామంతిబిళ్ళ, జడకుప్పెలు ఒక్కొక్కటి జుట్టులోని ఒక్కొక్క తావునకు చెందినవి. పూలజడ యైనచో మల్లెమొగ్గలను అరటినారతోను దారముతోను వరుసలుగా కుట్టి జడపై పరతురు. భిలాయిలోని తెలుగిండ్లలో పెండ్లికి పూలజడ కుట్టగల ముదుసలి ఉన్నచో వీథివారందరకు ఆమె అవసరము కలిగెడిది.

అయితే పూలజడ ఒక్కనాటిది. దాని క్రింది జుట్టును సంవత్సరములు కాపాడిన పని మాత్రము ప్రతివారపుది. తలంటునాడు ముందు నూనె కాచి, గోరువెచ్చగా మాడునకు మర్దించి, కొంతసేపు నాననిచ్చి, నలుగగొట్టిన కుంకుడుకాయలను వేడినీటిలో పిసికి, ఆ పులుసును వడగట్టి రుద్దుదురు. కుంకుడులోను సీకాయలోను సబ్బువలె నురుగు నిచ్చు పదార్థము సహజముగానే కలదు. కనులు మండునని పిల్లలు పరుగెత్తుట, తల్లి పట్టి కూర్చుండబెట్టుట అన్ని ఇండ్లకును తెలిసినదే. పిదప సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టి, క్రిందినుండి పైకి చిక్కుదీసి, జడ అల్లుదురు. మందారాకును, గుంటగలగరను, ఉసిరికాయను నూనెలో కాచువారును కలరు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో నైనచో మెత్తని మట్టిని నానబెట్టి తలరుద్దుకొను అలవాటు ఉండెడిది. కుంకుడు తెచ్చినవారికి మట్టి వింతగాను, మట్టి రుద్దుకొన్నవారికి కుంకుడు వింతగాను తోచి, చివరకు ఒకరి పద్ధతిని మరియొకరు చూచి నేర్చిన ఇండ్లును ఉండును.

పెద్దలు ఈ పని కారణము చెప్పకయే నేర్పిరి. ఆధునికశాస్త్రము కొంత కారణము చెప్పినది. ఒక్కొక్క వెంట్రుక రెండు మొదలు ఆరేండ్ల వరకు పెరిగి, కొన్ని వారములు ఆగి, రాలిపోవును. దాని స్థానమున కొత్తది పుట్టును. దినమునకు యాభై మొదలు నూరు వెంట్రుకలు రాలుట సహజము. కొందరి జుట్టు మోకాళ్ల వరకును, మరికొందరిది నడుము వరకును పెరిగి ఆగుటకు ఈ పెరుగుదల కాలములోని భేదమే ముఖ్యకారణము గాని ఒకరి శ్రద్ధలోపము కాదు. ఏ నూనెయు ఆ కాలమును పొడిగింపజాలదు. కాని నూనె మరియొక పని చేయును. నడుము వరకున్న జడలో చివరి వెంట్రుక నాలుగేండ్ల నాటిది. అది నాలుగు వేసవుల ఎండను, వందలకొలది తలంట్లను, వేలకొలది దువ్వుటలను సహించినది. తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు ముడుగుట చేత అది బలహీనపడును. కొబ్బరినూనె వెంట్రుకలోనికి చొచ్చి దానిలోని మాంసకృత్తులు కడుగుకొనిపోకుండ కాపాడునని 2003లో ప్రకటింపబడిన భారతీయ శాస్త్రజ్ఞుల పరిశోధన చూపినది. ఖనిజతైలమునకు, ప్రొద్దుతిరుగుడు నూనెకు ఆ గుణము కనబడలేదు. కాబట్టి తలంటునకు ముందు నూనెరాయుట, వెడల్పు పండ్ల దువ్వెన వాడుట, నిద్రకు ముందు జడ వదులుగా అల్లుట ఇవన్నియు జుట్టును పెంచుపనులు కావు, పెరిగినదానిని నిలుపుకొను పనులు. ఈ భేదము తెలిసినవారు బజారులో సీసాలపై వ్రాసిన మాటలకు మోసపోరు.

ఆ సీసాలపైని ‘షాంపూ’ అనుమాటయు మన దేశపుదే. నొక్కుట, మర్దించుట అను అర్థముగల హిందీ క్రియ ‘చాంప్‌నా’ నుండి అది ఆంగ్లములోనికి పోయినది. తలమర్దనకు ఇప్పటికిని హిందీలో ‘చంపీ’ యనియే పేరు. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మదు పందొమ్మిదవ శతాబ్దారంభమున ఇంగ్లండులోని బ్రైటన్ నగరమున మర్దనస్నానశాల పెట్టి ఆ మాటను అక్కడ ప్రచారము చేసెను. మర్దన యను అర్థము పోయి, కడుగు ద్రవమను అర్థముతో ఆ మాట తిరిగి మన ఊళ్లకు వచ్చినది. 1980ల దశకమున చిన్నచిన్న పొట్లములలో షాంపూ అమ్మకము వ్యాపించినప్పుడు కార్మికకుటుంబములకు అది ఒక ఉపకారమే యైనది. కుంకుడు కొట్టి, నానబెట్టి, పిసికి, వడగట్టు పని తప్పినది. పనికి పోవు స్త్రీకి అరగంట మిగిలినది.

అరగంట మిగులుట యనునది చిన్నమాట కాదు. తలంటునకు సెలవుదినము కావలెను. ఆ సెలవుదినమునకును ఒక చరిత్ర కలదు. బొంబాయి మిల్లు కార్మికుల నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే ఏండ్లతరబడి పోరాడిన ఫలితముగా 1890లో అక్కడి కార్మికులకు ఆదివారము సెలవు లభించినది. ఆ సంవత్సరముననే ఆయన ప్రోత్సాహమున బొంబాయి క్షురకులు సభచేరి, ఇకపై వితంతువుల తలలు గొరుగబోమని తీర్మానించిరి. ఈ రెండు సంఘటనలను చరిత్రకారులు వేరువేరు ప్రకరణములలో వ్రాయుదురు. కాని ఒకే మనిషి ఒకే ఏట పనివానికి తన దినమును, వితంతువుకు తన జుట్టును ఇప్పింప యత్నించుట ప్రక్కప్రక్కన ఉంచి చూడదగినది.

ఏలయన జుట్టు పెంచుకొనుట స్త్రీ ఇష్టమని నేడు మనము తేలికగా అనుచున్నాము. కొన్ని కులములలో భర్త మరణించినంతనే ఆ ఇష్టము ముగిసిపోయెడిది. పదేండ్ల బాలిక యైనను జుట్టు తీయించుకొనవలసినదే. పువ్వు, దువ్వెన, అద్దము ఆమెకు నిషిద్ధములు. ఏ తల్లి వారము వారము నూనె రాసి పెంచినదో ఆ తల్లి యెదుటనే మంగలికత్తి ఆ జుట్టును తీసెడిది. 1856 నాటి చట్టము వితంతువివాహమును అనుమతించినను ఆచారము మారలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము మొదటి వితంతువివాహము జరిపించెను. వితంతువివాహమనగా మరల మంగళసూత్రము మాత్రమే కాదు, మరల తల దువ్వుకొనుట. వధువు తలలో పూవు పెట్టుటయే నాటి ఛాందసులకు కంటగింపు. సంఘసంస్కర్తల ఉపన్యాసములలో శాస్త్రప్రమాణములే ఎక్కువగా వినబడును గాని, ఆ ఇండ్లలోని ఆడువారికి ఆ ఉద్యమము దువ్వెనరూపముననే అర్థమైయుండును.

భిలాయి పుట్టునాటికి ఆ ఆచారము చాలవరకు సడలినది. కాని కొత్త బంధములు ఏర్పడినవి. అవి శాస్త్రమువి కావు, గడియారమువి. ఉక్కు కర్మాగారము ఆగదు. ఉదయము 6 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు, రాత్రి 10 గంటలకు వంతులు మారును. భర్త వంతు మారినప్పుడెల్ల ఇంటిలో వంటవేళ, నిద్రవేళ, నీరు కాగువేళ మారును. వారపు సెలవు అందరకు ఆదివారమే రాదు. పిల్లల బడి మాత్రము ఆదివారమే మూయుదురు. కావున తలంటుపని తల్లిదే యగును, ఆమె తల చివరకు మిగులును. ఇద్దరు ఆడుపిల్లల తలలంటి, చిక్కులు దీసి, జడలల్లి, భర్తకు డబ్బా కట్టి పంపిన పిదప తన తలకు కుంకుడురసము మిగిలినదో లేదో చూచుకొను గృహిణులు ఆ క్వార్టర్లలో ఎందరో ఉండిరి. పొడుగుజడ గల స్త్రీని చూచి అదృష్టవంతురాలనుట మన వాడుక. ఆ అదృష్టములో సగము ఆమె తల్లి గంటలు.

యంత్రమునకును జుట్టునకును వైరమున్నది. తిరుగు ఇరుసు జారిన పాయను పట్టినచో తలనే లాగును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా కర్మాగారములలోనికి స్త్రీలు వచ్చినప్పుడు, ఒక కన్నును కప్పు వాలుజుట్టుతో పేరుపొందిన సినీతార వెరోనికా లేక్ 1943లో ప్రభుత్వపు కోరికపై తన కేశాలంకరణమును మార్చి ముడి వేసికొన్నది. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము మరియొక మార్గము త్రొక్కినది. నడుచుచున్న యంత్రము దగ్గర స్త్రీలు శుభ్రపరచుట, నూనెపోయుట వంటి పనులు చేయరాదనియు, రాత్రి 7 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు కర్మాగారములో ఉండరాదనియు అది విధించినది. రక్షణ కొరకు పెట్టిన నియమమే ప్రవేశమునకు అడ్డమైనది. జుట్టు ముడిచి కట్టుమని చెప్పుటకు బదులు స్త్రీనే బయట నిలిపినట్లయినది. 2020లో ఆమోదింపబడి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతాస్మృతి స్త్రీల సమ్మతితో రాత్రిపనిని అనుమతించినది. జడను వలలో చుట్టి శిరస్త్రాణము క్రింద దోపుకొను స్త్రీకి అది పదిహేను నిమిషముల అదనపు పని. ఆ పదిహేను నిమిషములు ఏ వంతులోను లెక్కకు రావు.

కర్మాగారపు ద్వారము దగ్గర అడ్డున్నను గనుల దగ్గర స్త్రీలు ఉండనే ఉండిరి. భిలాయి కొలుములకు ఇనుపరాయి దల్లీ-రాజ్‌హరా గనుల నుండి వచ్చును. అక్కడ గుత్తేదారుల క్రింద రాయికొట్టి మోసిన ఆడుకూలీలను ‘రేజా’లందురు. తలపై చుట్టకుదురు, దానిపై తట్ట, తట్టలో ఎర్రరాయి. ఆ బరువు క్రింద కొప్పు అలంకారము కాదు, మెత్త. వెంట్రుకలలో దూరిన ఎర్రధూళి ఎన్ని నీళ్లు పోసినను పోనిది. 1977లో శంకర్ గుహా నియోగీ నాయకత్వమున అక్కడి కార్మికులు సంఘముగా ఏర్పడిరి. ఆ యేడు జూన్ నెలలో జరిగిన పోలీసు కాల్పులలో మరణించినవారిలో అనసూయాబాయి అను స్త్రీయు కలదు. ఆ సంఘము తరువాత స్త్రీలకు ప్రత్యేక సంస్థను, 1983లో ఆసుపత్రిని స్థాపించినది. నియోగీ 1991 సెప్టెంబరు 28వ తేదీన భిలాయిలో హత్యకు గురియయ్యెను. కేశసంరక్షణమును గూర్చి వ్రాయు పుస్తకములలో ఈ స్త్రీల పేర్లు ఉండవు. నీరు, నూనె, తీరిక ఈ మూడు లేనిచోట కేశసంరక్షణ యనుమాటకు అర్థమేమని అడుగువారును అరుదు. జీతము పెరుగుట, పనిగంటలు తగ్గుట, కుళాయి దగ్గరకు వచ్చుట ఇవియే అచటి స్త్రీలకు మొదటి తైలములు.

నగరములో మరికొన్ని తలలును ఉండెను. సోవియట్ నిపుణులు కొందరు కుటుంబములతో వచ్చి ఉండిరి. రష్యా పల్లెల పూర్వాచారమున కన్యకు ఒక జడ. పెండ్లినాడు చెలికత్తెలు ఆ జడను విప్పి రెండుగా అల్లి తలచుట్టు చుట్టి కప్పుదురు. తెలుగువారిలో దీనికి సరిగా విరుద్ధము. బడికిపోవు పిల్లకు రెండు జడలు, పెద్దదైన పిదప ఒక జడ. సోవియట్ బడిపిల్లలు రిబ్బను పూలతో రెండు జడలు వేసికొనుట మాత్రము మన బడిపిల్లలకు దగ్గరగా నుండెను. సిక్కు కుటుంబములలో పురుషులును కేశములను పెంచుదురు. 1699లో ఖాల్సా ఏర్పడినది మొదలు అది వారికి నియమము. తెలుగు పురుషులు పిలకను, సిగను విడిచి క్రాపునకు వచ్చి అప్పటికి ఎంతో కాలము కాలేదు. క్రాపు చేయించుకొన్న కుమారునిపై కోపించిన తాతలు ఇంకను ఇండ్లలో ఉండిరి. సిక్కు పొరుగువాడు ఆదివారము తలార పోసికొని ముంగిట ఎండలో జుట్టు ఆరబెట్టుకొనుట చూచిన తెలుగు పిల్లలకు, పొడుగుజుట్టు ఆడువారిదే యను నియమము లోకమంతటను లేదని తెలిసియుండును.

పెంచిన జుట్టును ఇచ్చివేయుట మరియొక కథ. భిలాయిలోని తెలుగువారికి తిరుమలయాత్ర స్వగ్రామయాత్ర వంటిది. కల్యాణకట్టలో స్త్రీలు, పురుషులు, పిల్లలు తలనీలాలిత్తురు. అక్కడ ఇచ్చునది రూపమును, అహంకారమును అని భక్తుల భావము. వితంతువు నుండి బలవంతముగా తీసినదియు, భక్తురాలు తానై యిచ్చినదియు చూపునకు ఒకే గుండు. అర్థమున వానికి పోలిక లేదు. ఇష్టమను ఒక్కమాట నడుమ ఉన్నది. దేవస్థానము ఆ కేశములను పొడవును బట్టి తరగతులుగా విడదీసి ఎలక్ట్రానిక్ వేలములో అమ్మును. అవి కృత్రిమకేశములుగా మారి విదేశములకు పోవును. 2004 మే నెలలో యెరూషలేమునకు చెందిన రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్, విగ్రహారాధనకు సంబంధించిన ఆలయకేశములతో చేసిన విగ్గులు నిషిద్ధములని తీర్పుచెప్పెను. పెండ్లియైన ఛాందస యూదుస్త్రీలు తమ జుట్టు కప్పుకొనుటకు విగ్గులు ధరింతురు. ఆ తీర్పు విని ఇజ్రాయెలులోను, న్యూయార్కులోని బ్రూక్లిన్ లోను వానిని కుప్పలుగా కాల్చిరి. తెలుగుదేశపు ఒక తల్లి ఒక మతమున భక్తితో ఇచ్చినదానిని మరియొక తల్లి మరియొక మతమున భక్తితోనే నిప్పులో వేసినది. నడుమ లాభము పొందినవారు ఇద్దరకును తెలియరు.

ఇంటింట దువ్వెనకు వచ్చిన చిక్కువెంట్రుకలకును బేరము కలదు. వానిని ఉండలుగా చుట్టి గోడసందున దాచి, వీథిలో కేకవేయు వర్తకునికిచ్చి, బదులుగా గిన్నెయో గరిటెయో పుచ్చుకొనుట తెలుగునాటను, ఉత్తరదేశమునను వాడుకయే. సవరములు ఇట్టి వెంట్రుకలతోనే కట్టుదురు. ఉక్కునగరపు గృహిణి రాలిన జుట్టుకు స్టీలుగిన్నె తీసికొనుటలో ఒక చిత్రమున్నది. ఆ గిన్నె స్టెయిన్‌లెస్ ఉక్కు, భిలాయిది కాదు. భిలాయి ఉక్కు దేశమంతట రైలుపట్టాలుగా పరచుకొన్నది. దానిపై నడచిన బండిలోనే ఆ గిన్నెయు, ఆమె కుంకుడుకాయలును ఊరికి వచ్చినవి.

కాలము మారినది. భిలాయి తెలుగు కుటుంబములలో మూడవ తరము పెరిగినది. మనుమరాండ్రు మాట్లాడు హిందీలో తెలుగు యాస లేదు. వారిలో కొందరు జుట్టును భుజముల వరకు కత్తిరించుకొందురు, కొందరు మరల పెంచుదురు. అమ్మమ్మలు మొదటిదానిని చూచి నిట్టూర్చుట, రెండవదానిని చూచి సంతోషించుట కద్దు. ఆ నిట్టూర్పు వెనుక వారు రాసిన నూనె ఉన్నది, కావున దానిని పరిహసింపరాదు. అయితే పొడుగుజుట్టే సుగుణమనుటయు, కత్తిరించిన జుట్టే స్వాతంత్ర్యమనుటయు రెండును తొందరపాటు మాటలు. వితంతువుకు జుట్టు పెంచుకొనుటయే స్వాతంత్ర్యము. గనికూలీకి తలస్నానము చేయుటకు ఒక గంట దొరుకుటయే స్వాతంత్ర్యము. ఉద్యోగినికి దానిని తన వీలునుబట్టి కత్తిరించుకొనుట స్వాతంత్ర్యము కావచ్చును. కొలవవలసినది జడ పొడవు కాదు.

కురుసభలో ద్రౌపది జుట్టు దుశ్శాసనుని చేతిలో ఉన్నది. ఉద్యోగపర్వములో అది ఆమె చేతిలో ఉన్నది. జుట్టు అదియే, స్త్రీ ఆమెయే. మహాభారతములో ఆ రెండు ఘట్టముల నడుమ పదుమూడేండ్లు పట్టినది. మన దేశములో దానికి అంతకంటె చాల ఎక్కువకాలము పట్టినది, ఇంకను కొందరి విషయములో పట్టుచునే యున్నది. భిలాయిలో సెలవునాటి ఉదయము ఒక తల్లి ముంగిట ముక్కాలిపీటపై కూర్చుండి, ముందు కూతురి తల కాక తన తల తాను దువ్వుకొనుటకు తీరిక చేసికొన్నచో, ఆ చరిత్రలో ఒక పుట ముందుకు తిరిగినదని చెప్పవచ్చును.